అద్దం ముందు ఆందోళన: మందులు, సప్లిమెంట్లు, థెరపీ

ముక్కు వంకరనో, జుట్టు పలచబడిందనో గంటల తరబడి అద్దానికి అతుక్కుపోవడం షోకు కాదు. బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అనే మానసిక జబ్బు, లేని లోపమో చిన్న లోపమో పెద్దదిగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ సర్జన్ కంటే ముందు సైకియాట్రిస్టును కలవాలి. ముక్కు సరిచేసినా దిగులు సాధారణంగా పోదు, కొందరిలో ఇంకో అవయవం మీదికి మారుతుంది.

మొదట ఇచ్చేవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు, అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే డిప్రెషన్ మందులు. ఫ్లూఆక్సిటిన్ అయితే తరచూ 20 మి.గ్రా.తో మొదలుపెట్టి, డాక్టరు మెల్లగా పెంచుతారు. డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువ మోతాదు పట్టొచ్చు. ఫలితం తేలడానికి 12 వారాల దాకా పట్టొచ్చు, కొందరు రెండో వారంలోనే వదిలేస్తారు. అప్పుడే వికారం, నిద్రలేమి, కంగారు పెరుగుతాయి మరి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకు చెప్పండి. సొంతంగా ఆపేయకండి.

సప్లిమెంట్లు మందుకు బదులు కావు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక, 5-హెచ్‌టీపీ అనే సప్లిమెంట్ ఈ మందులతో అస్సలు కలపకూడదు, సెరటోనిన్ ప్రమాదకరంగా పెరుగుతుంది.

అసలు పట్టు సీబీటీది, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల థెరపీది. అందులో అద్దానికి రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి, తల నుంచి పాదాల దాకా చూస్తూ "ముక్కు గోధుమరంగు, కొస గుండ్రం" అని ఉన్నదున్నట్టు చెప్పాలి. "అసహ్యం" అనే మాట రాకూడదు. సెల్ఫీతో సరిచూసుకోవద్దు, దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదిగానే పడుతుంది. "బాగున్నానా?" అని అడిగితే ఇంట్లోవాళ్లు జవాబివ్వకుండా మాట మార్చాలి.

డాక్టరు అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.