సెల్యులోజ్ సీసాలో క్లాస్ట్రీడియం థర్మోసెల్లమ్ పెరగకపోతే

క్లాస్ట్రీడియం థర్మోసెల్లమ్ అనేది ఆక్సిజన్ లేనిచోట, వేడిలో, సెల్యులోజ్ తిని పెరిగే బాక్టీరియా. లీటరుకు 5 గ్రాముల అవిసెల్ (సెల్యులోజ్ పొడి) వేసి 60 డిగ్రీల దగ్గర పెట్టిన సీసా బాగా నడుస్తుంటే చూడగానే తెలుస్తుంది. అడుగున ఉన్న తెల్లపొడి పసుపు పచ్చగా మారుతుంది. ఆ రంగు బాక్టీరియాదే, సెల్యులోజ్‌కు అంటుకుంటుంది. పసుపు రాలేదంటే కింద చూడండి.

సమస్య: గులాబీ రంగు పోవడం లేదు

కారణం ఆక్సిజన్. రెసజురిన్ (ఆక్సిజన్ ఉంటే గులాబీగా కనిపించే సూచక రంగు) పూర్తిగా రంగు కోల్పోయేదాకా ఇనాక్యులం (కొత్త సీసాలో వేసే బాక్టీరియా కల్చర్) వేయకండి. పైఅంచున మాత్రమే గులాబీ కనిపిస్తే గాలి బిరడా దగ్గర దూరుతోంది. ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రం) నుంచి తీసిన సీసా చల్లారుతూ గాలిని లోపలికి లాగుతుంది కూడా. మందపాటి బ్యూటైల్ రబ్బరు బిరడాలే వాడండి, సిలికాన్ పనికిరాదు. సీసా అంతా గులాబీగా ఉంటే మీడియంలోనే (పోషక ద్రవంలోనే) గాలి మిగిలింది, లేదా సిస్టీన్ (మిగిలిన ఆక్సిజన్‌ను తొలగించే పదార్థం) పాతబడింది.

పరిష్కారం: మీడియం మరిగించి, నైట్రోజన్ పంపుతూ చల్లార్చి, నైట్రోజన్ కిందే బిరడా బిగించి ఆటోక్లేవ్ చేయండి. నైట్రోజన్ కింద విడిగా తయారుచేసిన సిస్టీన్ హైడ్రోక్లోరైడ్‌ను లీటరుకు 0.5 నుంచి 1 గ్రాము చొప్పున తర్వాత కలపండి. సిరంజిని ప్రతిసారీ నైట్రోజన్‌తో రెండు మూడుసార్లు కడగాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే.

సమస్య: రంగు పోయింది, పొడి తరగడం లేదు

ముందు అదే మీడియంలో అవిసెల్ బదులు సెల్లోబయోస్ (సెల్యులోజ్ తెగితే వచ్చే చిన్న చక్కెర) వేసి చూడండి. అందులో పెరిగితే కణం బాగానే ఉంది, లోపం సెల్యులోజోమ్ (సెల్యులోజ్‌ను కోసే ఎంజైముల గుంపు) వైపు ఉండొచ్చు. ఎంజైములు తమ డాకెరిన్ భాగంతో సిపా అనే స్కాఫోల్డ్ ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. డాకెరిన్ ఆకారం నిలవాలంటే కాల్షియం కావాలి. ఫాస్ఫేట్‌తో కలిపి ఆటోక్లేవ్ చేస్తే కాల్షియం తెల్లటి మడ్డిగా దిగిపోతుంది. ఈడీటీఏ (కాల్షియంను పట్టేసుకునే రసాయనం) ఎక్కువైనా కాల్షియం అందదు. కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లు విడిగా ఆటోక్లేవ్ చేసి, మీడియం చల్లారాక కలపండి.

సెల్లోబయోస్‌లోనూ పెరగకపోతే విటమిన్లు (బి6, బి12, బయోటిన్, పాబా) చూడండి, లేదా ఇనాక్యులం ముదిరిపోయి ఉంటుంది. తిండి అయిపోయాక ఈ కణాలు త్వరగా పగిలిపోతాయి. సెల్యులోజ్ ఇంకా మిగిలి ఉండగానే కొత్త సీసాలోకి మార్చాలి.

సమస్య: సగంలో ఆగిపోయింది, ద్రవంలో చక్కెర పేరుకుంది

ఎంజైము పాడైందనుకోకండి. ఎసిటిక్, లాక్టిక్, ఫార్మిక్ ఆమ్లాల వల్ల పీహెచ్ దాదాపు 6.2 కిందికి వస్తే పెరుగుదల ఆగుతుంది, ఎంజైములు మాత్రం ఇంకా కోస్తూనే ఉంటాయి. తినేవాళ్లు లేక సెల్లోబయోస్, గ్లూకోజ్ మిగులుతాయి. పేరుకున్న సెల్లోబయోస్ చివరికి సెల్యులోజోమ్‌నే అడ్డుకుంటుంది. బఫర్ పెంచండి, లేదా అవిసెల్ సగానికి తగ్గించండి.

పెరుగుదలను ఓడీతో (ద్రవం ఎంత మసకగా ఉందో చూసే కొలతతో) కొలవొద్దు, మిగిలిన పొడి కూడా లెక్కలోకి వస్తుంది. సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగిన మడ్డిలో ప్రోటీన్ కొలవండి.