రెట్రో గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడితే: ముందు ప్లగ్ పీకొద్దు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో నాది టీవీ రిపేర్ షాపు. కావలి, కోవూరు వైపు నుంచి కూడా పిల్లలు రాస్ప్‌బెర్రీ పై బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు) పట్టుకొస్తుంటారు. "అన్నా, ముస్తఫా గేమ్ ఆడతా ఉంటే ఉన్నట్టుండి నల్లగా అయిపోయింది, ప్లగ్ తీసి పెట్టినా అంతే" అంటారు. ఆ ప్లగ్ తీయడం దగ్గరే అసలు ఆధారం పోతుంది. ఆ బోర్డు మీద పాత గేములు ఆడించే సాఫ్ట్‌వేర్ రెట్రోపై. అందులో గేమ్ ఎందుకు ఆగిందో రాసే రన్‌కమాండ్ లాగ్ అనే ఫైలు ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు తీయగానే చెరిగిపోతుంది. పైగా మెమరీ కార్డు మీద రాత జరుగుతుండగా కరెంటు పోతే కార్డే పాడవచ్చు.

అందుకే అంతా బాగున్నప్పుడే రాస్పీ కాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూలో ఎస్ఎస్‌హెచ్ (వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో బోర్డు లోపలికి వెళ్లే దారి) ఆన్ చేసి పెట్టుకోండి. రెట్రోపై మెనూలో షో ఐపీ కొడితే అడ్రస్ కనిపిస్తుంది, దాన్ని గోడ మీదైనా రాసుకోండి. స్క్రీన్ పోయినప్పుడు ఫోన్లో ఏదైనా ఎస్ఎస్‌హెచ్ యాప్‌తో లోపలికి వెళ్లి చూడండి. లాగిన్ అయితే బోర్డు బతికే ఉంది, తగాదా అంతా బొమ్మతోనే. లాగిన్ కాకపోతే బోర్డే బిగుసుకుపోయి ఉండొచ్చు, అప్పుడు అనుమానం ముందుగా పవర్ మీదికి వెళ్లాలి.

నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పవర్ కేసులే. గేమ్ మొదలవగానే గ్రాఫిక్స్ చిప్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఫోన్ చార్జర్, సన్నటి కేబుల్ కలిస్తే అక్కడే వోల్టేజి పడిపోతుంది. 4.63 వోల్టుల కిందికి దిగితే స్క్రీన్ పైమూల మెరుపు గుర్తు వస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌లో వీసీజెన్‌సీఎండీ కమాండ్‌తో గెట్ థ్రాటిల్డ్ అని అడగండి. జవాబులో ఎక్స్ తర్వాత ఒక్క సున్నా ఉంటే మంచిదే. 50000 వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజి పడిందని, 50005 వస్తే ఇప్పుడు కూడా పడే ఉందని అర్థం. పై 4కి 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి, పై 3కి 2.5 ఆంపియర్లు చాలు. ఇది తేలేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకండి, సెట్టింగులతో వోల్టేజి పెరగదు. మన ఎండాకాలంలో అదే కమాండ్‌తో బోర్డు టెంపరేచర్ కూడా అడగండి. 80 డిగ్రీలు దాటితే బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. టీవీ వెనకాల గాలాడని చోట బోర్డును ఇరికించకండి.

తర్వాత టీవీతో లింకు. ఇది మన ఊళ్లలో బాగా చూస్తాను: కరెంటు పోయి వస్తుంది, బోర్డు వెంటనే బూట్ అవుతుంది, టీవీ మాత్రం ఇంకా ఆఫ్‌లో ఉంటుంది. అవతల టీవీ ఉన్నట్టు బోర్డుకి తెలియదు కాబట్టి హెచ్‌డీఎంఐలోకి బొమ్మ పంపదు. తర్వాత టీవీ వేసినా 'నో సిగ్నల్' అనే వస్తుంది. రెట్రోపై వాళ్ల రెడీమేడ్ ఇమేజ్ (కార్డులోకి నేరుగా ఎక్కించుకునే ఫైలు) వాడుతుంటే బూట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్‌ని 1 చేయండి, గ్రూప్ 1, మోడ్ 4 పెట్టండి. అది 60 హెర్ట్జ్‌లో 720పీ. ఇళ్లలో ఉండే 32 అంగుళాల మామూలు టీవీలకి అంతకన్నా అక్కర్లేదు. కొత్త రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ మీద రెట్రోపై ఎక్కించుకున్నవాళ్లకి ఈ లైన్లు పనిచేయవు. అక్కడ బొమ్మ పంపే కేఎంఎస్ అనే డ్రైవర్ వాటిని పట్టించుకోదు. బూట్‌లో ఫర్మ్‌వేర్ ఫోల్డర్ లోపలి సీఎండీలైన్ ఫైలు తెరిచి, అందులో ఉన్న ఒకే లైను చివర ఒక స్పేస్ ఇచ్చి వీడియో సెట్టింగ్ చేర్చాలి: వీడియో ఈక్వల్స్, హెచ్‌డీఎంఐ హైఫన్ ఏ హైఫన్ 1, కోలన్, 1280 ఎక్స్ 720, ఎట్, 60, పెద్ద డీ. అంతా ఇంగ్లిషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. రెండో లైను మొదలుపెట్టకూడదు.

పై 4లో రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టులుంటాయి. పవర్ పోర్టుకి దగ్గరగా ఉన్నదే మొదటిది, టీవీ దానికే పెట్టండి.

మెనూ బాగానే వచ్చి, గేమ్ నొక్కగానే నల్లబడి మళ్లీ మెనూకే వచ్చేస్తుంటే టీవీ తప్పేమీ లేదు, ఎమ్యులేటర్ (పాత గేమ్ మెషిన్‌లా పనిచేసే ప్రోగ్రాం) చచ్చిపోతోంది. లాగ్ ఉండేది ఇక్కడే: డెవ్‌లో ఎస్‌హెచ్‌ఎం ఫోల్డర్, అందులో రన్‌కమాండ్ లాగ్. చివరి లైన్లు చదవండి. ఫైళ్లు దొరకలేదని ఉంటే అది రోమ్ (గేమ్ ఫైలు) గొడవ, డిస్‌ప్లేది కాదు. ఆర్కేడ్ గేములు నడిపే మేమ్ 2003 ఎమ్యులేటర్‌కి 0.78 సెట్ రోములే సరిపోతాయి. వీడియో డ్రైవర్ మొదలవలేదని ఉంటే ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్క్ ప్రోగ్రాం కాన్ఫిగ్ ఫైల్లో వీడియో డ్రైవర్ లైను చూడండి. పై 3 నుంచి పాత కాన్ఫిగ్ కాపీ చేసుకుని పై 4కి మారినవాళ్లకి అక్కడ 'డిస్ప్‌మాన్‌ఎక్స్' అనే పాత డ్రైవర్ పేరు ఉండిపోవచ్చు. పై 4లో అది నడవదు, 'జీఎల్' అని మార్చాలి. సిస్టమ్ వారీగా ఉండే కాన్ఫిగ్ ఫైళ్లలో కూడా అదే లైను దాక్కుని ఉండొచ్చు, ఒక్కో ఫోల్డరూ తెరిచి చూడాలి.

ఒక్క గేమే ఆగుతుంటే అది మొదలయ్యేటప్పుడు ఏదైనా బటన్ నొక్కండి, రన్‌కమాండ్ మెనూ వస్తుంది. ఆ గేమ్‌కి మాత్రమే వేరే ఎమ్యులేటర్, వేరే వీడియో మోడ్ పెట్టుకోవచ్చు. నింటెండో 64 గేములకి ఇది తప్పనిసరి అనే చెబుతాను. పై 3లో ఒక ప్లగిన్‌తో (ఎమ్యులేటర్‌లో బొమ్మ గీసే భాగం) పడిపోయే గేమ్ రైస్ ప్లగిన్‌తో హాయిగా నడవడం మామూలే. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మెమరీ వాటా 512 ఎంబీ పెట్టండి అని ఎవరైనా చెబితే పై 4లో వినకండి. అక్కడ త్రీడీ పని ఆ వాటాలోంచి జరగదు, ఊరికే ర్యామ్ తగ్గుతుంది.

ఒక్కో మార్పు చేసి, రీబూట్ చేసి, చూసి, తర్వాతి దానికి వెళ్లండి. అప్పటికీ తేలకపోతే లాగ్ చివరి లైన్లు ఫోటో తీసి, బోర్డు మోడల్, అడాప్టర్ మీద రాసి ఉన్న ఆంపియర్లు, గెట్ థ్రాటిల్డ్ ఇచ్చిన జవాబు పక్కన రాసి తీసుకురండి. బోర్డుతో పాటు ఆ కేబులూ అడాప్టరూ కూడా తేవాలి, మీ ఇంట్లో వాడేవే.