ఇంట్లోనే వేపాకు మలాం – మూడో పాఠం: వడపోత, మైనం, డబ్బా

పోయిన పాఠంలో నీడన గలగల్లాడేలా ఎండబెట్టిన వేపాకును 150 గ్రాముల గానుగ నువ్వుల నూనెలో వేసి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, సన్నసెగ మీద రెండు మూడు గంటలు కాచి దించుకున్నాం. నూనె ఇప్పుడు కాస్త పచ్చగా తిరిగి, వేప వాసన కొడుతూ ఉండాలి. ఈ పాఠంలో దాన్ని వడకట్టి, మైనం కలిపి, డబ్బాలకెక్కిద్దాం. పని ఒక పూటది. కానీ మలాం పాడయ్యేదైనా, ఆరు నెలలు నిలిచేదైనా ఈ పూటలోనే తేలిపోతుంది. ముఖ్యంగా పాడుచేసేది నీళ్లు. నూనెలోనూ మైనంలోనూ బూజు పుట్టదు. వాటి మధ్య ఇరుక్కున్న నీటిబొట్టులో పుడుతుంది.

నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడే వడకట్టండి. చల్లారితే కాస్త చిక్కబడి గుడ్డలోంచి దిగడం ఆలస్యమవుతుంది. పాత పంచె ముక్క రెండు మడతలు వేస్తే చాలు. టీ వడబోసే జల్లెడలో ఆకు పొడి జారిపోతుంది. గుడ్డను ముందురోజే ఉడికించి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ పెట్టి ఉంచుకోండి. ఇస్త్రీ సోకుకు కాదు, పోగుల మధ్య మిగిలిన చెమ్మ పోవడానికి. మన నెల్లూరు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో దండెం మీద గుడ్డ ఆరినట్టే ఉంటుంది, ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. ఆ గుడ్డ వాడొద్దు.

నూనె తనంతట తాను కారనివ్వండి. చివర్లో గుడ్డను ఒక్కసారి మెత్తగా నొక్కితే సరిపోతుంది. చుక్క కూడా వదలకూడదని మెలిపెట్టి పిండితే ఆకు పిప్పిలో దాగిన నీళ్లు, మడ్డి నూనెలోకి దిగుతాయి. గుడ్డలో మిగిలింది కాళ్లకు రాసుకోండి, వృథా ఏమీ కాదు.

వడకట్టిన నూనెను గాజు గ్లాసులో పోసి, పైన పలచటి గుడ్డ కట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున గ్లాసును వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే అడుగున మసకమసకగా ఒక పొర కనిపిస్తుంది. గానుగ నూనెకు సహజంగా ఉండే మడ్డి, ఆకు పొడి, నీళ్లు ఉంటే నీళ్లు, అన్నీ అక్కడే చేరతాయి. పైనున్న నూనెను నెమ్మదిగా వేరే గిన్నెలోకి వంచుకుని, అడుగుది వదిలేయండి. ఆకు తాగింది, అడుగున పోయింది తీసేస్తే 100 గ్రాముల పైచిలుకు మిగలాలి. మనకు కావలసింది వందే.

తడి నిజంగా పోయిందా లేదా అనేది చెవితో తెలుసుకోవచ్చు. ఒక చెంచా నూనె చిన్న మూకుడులో వేసి సన్నసెగ మీద వేడెక్కనివ్వండి. చిటపటలాడితే నీళ్లున్నట్టు. అలాగైతే మొత్తం నూనెను నీళ్ల గిన్నె మీద మూత లేకుండా ఇంకో గంట వెచ్చబెట్టి, మళ్లీ ఒక చెంచా పరీక్షించండి. చప్పుడు రాకపోతే నూనె సిద్ధం. ఈ పరీక్షకు ముందు మైనం జోలికి వెళ్లొద్దు, కలిపాక ఇక చేయగలిగింది పెద్దగా ఉండదు.

దీపారాధనకని అమ్మే నూనె మాత్రం వాడొద్దని ఇంకోసారి చెబుతున్నాను. సీసా మీద నువ్వుల బొమ్మ ఉన్నా అది తినడానికి పనికొచ్చే నూనె కాదు, అందులో ఏమేం కలుపుతారో మనకు తెలియదు. నోట్లో వేసుకోలేనిది పగిలిన ఒంటికి రాయడం దేనికి?

ఇక మైనం. తేనెపట్టు మైనమే కావాలి. అంగట్లో దొరికే కొవ్వొత్తిది పెట్రోలియం నుంచి తీసిన మైనం, పైగా కొన్నింట్లో రంగు, సెంటు కలిపి ఉంటాయి. అసలు తేనెమైనం లేత పసుపు నుంచి గోధుమరంగు దాకా ఉంటుంది. గోటితో గీకి వాసన చూస్తే తేనె గుర్తుకొస్తుంది. ఉదయగిరి కొండల వైపు గానీ, నల్లమల అంచున గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు గానీ మీకు చుట్టాలుంటే తేనె పట్టేవాళ్లను అడగమనండి. తేనె పిండేశాక తుట్టె మిగులుతుంది, చాలామంది దాన్ని పారేస్తారు.

అలా తెచ్చిన పచ్చి తుట్టెను శుభ్రం చేయాలి. నీళ్లలో వేసి, పొంగనివ్వకుండా సన్నసెగ మీద కరగనిచ్చి, గుడ్డలో వడకట్టి, కదపకుండా చల్లారబెట్టండి. మైనం పైకి తేలి బిళ్లలా గడ్డకడుతుంది, తేనె నీళ్లలో కలిసిపోతుంది, మురికి బిళ్ల అడుగుకు అంటుకుంటుంది. ఆ అడుగును కత్తితో గీకేయండి. ఈ మైనం నీళ్లలోంచి వచ్చింది కాబట్టి ముక్కలు చేసి రెండు రోజులు ఫ్యాను కింద ఆరనివ్వండి. ఇంత ఓపిక లేకపోతే తురుము రూపంలో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తెప్పించుకోండి. తప్పేమీ లేదు.

కొలత విషయంలో నాది కాస్త చాదస్తం. గరిటెలు, గ్లాసుల లెక్క వద్దు, తూకమే వేయండి. 100 మిల్లీలీటర్ల నూనె 92 గ్రాముల దగ్గరే తూగుతుంది, తురిమిన మైనం చెంచాకు ఎంత పడుతుందో దేవుడికే తెలియాలి. ఇంట్లో చిన్న కాటా లేకపోతే బంగారం అంగట్లో అడగండి. నవ్వుతారేమో గానీ మైనం తూచి ఇస్తారు.

వీడియోల్లో అందరూ చెప్పే పాళ్లు ఐదుకు ఒకటి, అంటే 100 గ్రాముల నూనెకు 20 గ్రాముల మైనం. చలికాలానికి బాగానే ఉంటుంది. మే నెలలో నెల్లూరు ఎండ 42, 43 డిగ్రీలు దాటిందంటే అదే మలాం డబ్బాలో జావగా మారుతుంది. చలిదేశాల వంటగదుల్లో కుదిరిన లెక్క అది. తేనెమైనం ఒక్కటే అయితే 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, నూనె కలిసేకొద్దీ అంతకంటే చాలా ముందే మెత్తబడుతుంది. అందుకే ఉగాది నుంచి రోహిణి కార్తె దాటేదాకా నాలుగుకు ఒకటి వేయండి, 100కు 25 గ్రాములు. కొబ్బరినూనె కలిపితే గట్టిపడుతుంది కదా అనుకోవద్దు. అది 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన ఊళ్లలో ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్లలాగే ఉంటుంది. వాసన కోసం వేసుకుంటే వేసుకోండి, బిగువుకు మాత్రం మైనమే దిక్కు.

నూనె గిన్నెను మళ్లీ నీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి, తురిమిన మైనం వేసి, పొడి స్టీలు చెంచాతో నిదానంగా తిప్పండి. నేరుగా మంట మీద పెట్టొద్దు. మైనం, నూనె బాగా కాగితే అంటుకుంటాయి. ఎప్పుడైనా అంటుకుంటే నీళ్లు చల్లకుండా గ్యాసు కట్టేసి, పైన స్టీలు మూత బోర్లించండి. కింది నీళ్లు తెర్లాల్సిన పని లేదు, సన్నగా కదులుతుంటే చాలు. ఆవిరి నూనెలోకి చేరకుండా పై గిన్నె అంచు కింది గిన్నె కంటే వెడల్పుగా ఉండేలా చూసుకోండి.

మైనం అంతా కరగ్గానే నాలుగు చుక్కలు స్టీలు పళ్లెంలో వేసి ఫ్రిజ్‌లో రెండు నిమిషాలు పెట్టి తీయండి. చాలామంది అక్కడితోనే చూసి తేల్చేస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసింది ఏదైనా గట్టిగానే ఉంటుంది. పళ్లేన్ని పది నిమిషాలు గదిలో వదిలి, అప్పుడు వేలితో నొక్కండి. వేలి వేడికి కరిగి జారాలి, నొక్కకముందే జారకూడదు. మరీ గట్టిగా ఉంటే 5 గ్రాముల నూనె, మెత్తగా ఉంటే 2 గ్రాముల మైనం కలిపి మళ్లీ చూడండి.

దించాక విటమిన్ ఇ గొట్టం మాత్ర (క్యాప్సూల్) ఒకటి సూదితో గుచ్చి పిండొచ్చు. నూనె పాతబడి వాసన రావడాన్ని అది కొంత ఆలస్యం చేస్తుంది. బూజును ఆపేది కాదు, కాబట్టి దాని ధైర్యంతో తడి సంగతి మరిచిపోవద్దు. చల్లగా ఉంటుందని ముద్దకర్పూరం వేసేవాళ్లున్నారు. ఇంట్లో పసిపిల్లలుంటే అస్సలు వద్దు, వాళ్లకది విషం. కలబంద గుజ్జు కూడా వద్దు, అది దాదాపు అంతా నీళ్లే.

డబ్బాలు 30 గ్రాములవి నాలుగైదు ఉంచుకోండి. ఉడికించి, పూర్తిగా ఆరినవే వాడండి. గాజువైతే కాస్త వెచ్చబెట్టుకోండి, లేకపోతే పగులుతాయి. పోశాక ఫ్యాను ఆపేయండి, గాలికి పైపొర ముందే గట్టిపడి నడుమ గుంట పడుతుంది. పూర్తిగా చల్లారేదాకా మూత పెట్టొద్దు. వేడి మీద పెడితే మూతకు చెమ్మ పట్టి మళ్లీ మలాంలోకే కారుతుంది, ఇంత కష్టమూ నీళ్లపాలు. డబ్బా మీద తేదీ, పాళ్లు రాసిన కాగితం అంటించండి.

రాసుకునే ముందు మోచేతి లోపలి వైపు కొంచెం పూసి ఒక రోజు చూడండి. దురద, ఎర్రదనం వస్తే మానేయండి. ఆకుల్లో గడ్డిచామంతి, బంతి కూడా కలుపుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. చేలగట్ల మీద పెరిగే వయ్యారిభామ తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కే వాళ్లకు ఇవి కూడా పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. విదేశీ వీడియోల్లో వాడే కాలెండులా పువ్వు మన బంతి కాదు, చూడటానికే దగ్గర.

ఎక్కడ పనికొస్తుంది? ఇసకపల్లి ఉప్పు కొటార్లలో పనిచేసేవాళ్ల పగిలిన మడమలకు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్ చేసి బిరుసెక్కిన చేతులకు, నాట్లేసి వచ్చిన కాళ్లకు. సబ్బుతో కడిగి, తుడిచి, చర్మం ఇంకా కొంచెం చెమ్మగా ఉండగానే రాయాలి. డబ్బాలోకి చెమ్మ వెళ్లకూడదు, ఒంటి మీది చెమ్మ మాత్రం ఆరిపోకూడదు. మలాం చేసేది ఆ చెమ్మను లోపలే పట్టి ఉంచడం. అదేమీ రోగాలు కుదిర్చే మందు కాదు.

అందుకే కొన్నిచోట్ల ఇది చెరుపు చేస్తుంది. రొయ్యల గుంటల్లో రోజంతా నానిన కాళ్లకు వేళ్ల సందుల్లో రాస్తే అక్కడ తడి నిలిచి పాచిపోతుంది, ఆ చోటును పొడిగా ఉంచాలి. చెమటకాయలకు రాస్తే చెమట రంధ్రాలు మూసుకుని ఇంకా ఎక్కువవుతాయి. కాలిన గాయానికి ముందు 20 నిమిషాలు కుళాయి నీళ్లు పట్టండి, అప్పుడు దాని మీద ఏ నూనె వస్తువూ పూయొద్దు. తామరకు ఇది చాలదు. అలాగని మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు తెచ్చుకుంటే, రెండు రోజులు తగ్గినట్టుండి తర్వాత ఇంకా పాకవచ్చు. చర్మం డాక్టరుకు చూపించండి. చేతులు చప్పరించే పసివాళ్లకు వేప మలాం రాయొద్దు, వేప కడుపులోకి పోతే వాళ్లకు మంచిది కాదు.

నీడలో ఉంచితే ఆరు నెలలు వాడుకోవచ్చు. తడి వేళ్లు పెట్టకండి. నిరుటి మురుకుల డబ్బా మూత తీస్తే వచ్చే వాసన మలాంలో వచ్చిందంటే పారేయడమే. ఎండకు కరిగి మళ్లీ గడ్డకట్టిందైతే పాడైనట్టు కాదు, నిక్షేపంగా వాడుకోవచ్చు.

వచ్చే పాఠం మడమల పగుళ్లకు వాడే గట్టి మలాం గురించి. ఆలోగా ఒక పని చేసి పెట్టుకోండి. ఐదుకు ఒకటి పాళ్లలో ఒక డబ్బా, నాలుగుకు ఒకటి పాళ్లలో ఇంకోటి పోసి, రెంటినీ మధ్యాహ్నం వంటింటి అలమరలో ఉంచి సాయంత్రం వేలితో నొక్కి చూడండి. ఏది ఎంత మెత్తబడిందో డబ్బా మీది కాగితంలోనే రాసుకోండి, మడమల మలాంకు మైనం ఎంత పెంచాలో ఆ రాతను బట్టే లెక్క కడదాం.