అన్నం తగ్గించే ముందు, బరువులెత్తే ముందు: అరవై దాటినవారికి జాగ్రత్తలు

కింద కూర్చుంటే చేయి ఆనించకుండా లేవలేకపోవడం, బస్సు మెట్టు ఎత్తుగా అనిపించడం, గాజులు వదులైపోవడం... వీటిని "వయసు మీద పడింది కదా" అని వదిలేస్తుంటాం. చాలామందిలో అసలు కారణం కండ తరిగిపోవడం. దీన్ని డాక్టర్లు సార్కోపీనియా అంటారు. పోయిన బలం తిరిగి వస్తుంది, అందులో అనుమానం అక్కర్లేదు. 1990లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, బోస్టన్‌లోని వృద్ధుల కేంద్రంలో ఉన్న తొంభై ఏళ్ల వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయిస్తే కాళ్ళ బలం సగటున రెట్టింపు దాటింది.

కాబట్టి ప్రోటీన్ పెంచి, బరువుల వ్యాయామం చేసి, అన్నం తగ్గించి కండ పెంచుకునే పని మొదలుపెట్టండి. కానీ మన ఇళ్ళలో ఇది తలకిందులుగా మొదలవుతోంది. అమెరికా నుంచి అబ్బాయి ఫోన్ చేసి "అమ్మా, రైస్ మానెయ్" అంటాడు, మర్నాడే అన్నం బంద్. మాత్రలు మాత్రం పాత డోసులోనే నడుస్తుంటాయి. వరుస ఇలా ఉండాలి: ముందు మాత్రలు, పరీక్షలు, తర్వాత ప్రోటీన్, తర్వాత బరువులు, అన్నం తగ్గించడం ఆఖరున.

మాత్రల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. మీ షుగర్ మందు డోసు మీరు రోజూ తినే అన్నాన్ని బట్టి పెట్టింది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోతుంది. దానికి వ్యాయామం తోడైతే ఆ రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తట్టుకోలేని ఆకలి, తికమక కనిపిస్తే గ్లూకోమీటర్ పెట్టి చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. బీపీకి, గుండెకు ఇచ్చే అటెనొలాల్, మెటొప్రొలాల్ మాత్రలు వాడేవారిలో వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట ఒక్కటే గుర్తు కావచ్చు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్ళు పిండిపదార్థాన్ని బాగా తగ్గించేస్తే ఇంకో గండం ఉంది. మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, ముందుగా ఆ మాత్ర పేరు చెప్పండి. బీపీ మందుల సంగతీ మరవకూడదు. అన్నం తగ్గించిన తొలి వారాల్లో ఒంట్లోంచి నీరు, ఉప్పు ఎక్కువగా పోతాయి. నీళ్ళ బిళ్ళ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర) కూడా వేసుకుంటుంటే లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే ఎంత కష్టమో అందరం చూస్తున్నదే. అందుకే మీ మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్ళి డాక్టర్‌కు చూపించి, "అన్నం తగ్గిస్తున్నాను, ఏది ఎంత తగ్గించాలి?" అని అడగండి. మీ అంతట మీరు మాత్ర ఆపడం కూడా అంతే తప్పు.

అదే రోజు కిడ్నీల స్థితి తెలిపే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు ప్రోటీన్ ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వైపు వాళ్ళు ఈ పరీక్ష లేకుండా అసలు మొదలుపెట్టొద్దు. షుగర్ పాతదైతే రెటీనా పరీక్ష కూడా ముఖ్యం. కంటి వెనక రక్తనాళాలు బలహీనంగా ఉన్నప్పుడు పెద్ద బరువులు ఎత్తితే రక్తస్రావం కావచ్చు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్ళు కార్డియాలజిస్టును కలిశాకే.

ఇక ప్రోటీన్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. వయసు మళ్ళినవారికి 1 నుంచి 1.2 గ్రాములు మేలని చాలామంది నిపుణులు చెబుతున్నారు. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. అన్నం, పప్పుచారు, వేపుడు, మజ్జిగతో ఇంత రాదు. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల పచ్చి చికెన్‌లో గానీ చేపలో గానీ సుమారు 20, వంద గ్రాముల పనీర్‌లో 18, యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పాతిక దాకా ఉంటుంది. ఒక్కపూటే తినకుండా మూడు పూటలకూ పంచుకోండి. శాకాహారులు అన్నంతో పాటు పప్పు కూడా మానేస్తే పళ్ళెంలో ఏమీ మిగలదు. పప్పు ఉంచుకోండి. అన్నం బదులు జొన్నరొట్టె, కొర్రలు తింటే పిండిపదార్థం తగ్గినట్టు కాదు, వాటిలోనూ అది దండిగానే ఉంటుంది.

బరువులంటే జిమ్‌కే వెళ్ళక్కర్లేదు. గోడకు ఆనించిన చేతుల్లేని కుర్చీలోంచి, చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడమే మంచి మొదలు. తర్వాత గోడను నెట్టడం, నీళ్ళ సీసాలు ఎత్తడం, రబ్బరు బ్యాండ్. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. ఊపిరి బిగపట్టి ఎత్తితే బీపీ అమాంతం పెరుగుతుంది. ఎత్తేటప్పుడు వదలండి, దించేటప్పుడు పీల్చండి. ఎముకలు గుల్లబారినవాళ్ళు నడుం వంచి బరువు లేపకూడదు. పాదాలు మొద్దుబారినవాళ్ళు బూట్లు వేసుకునే చేయాలి. మర్నాడు కండ సలపడం మామూలే. కీలులో పోటు, ఛాతీలో బరువు, మూత్రం ముదురు రంగులో రావడం మామూలు కాదు, ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇవన్నీ కుదురుకున్నాక అన్నం వారానికి కొంచెం చొప్పున తగ్గించండి, ముందు రాత్రిపూటది. కొన్నేళ్ల కిందట మన ఊళ్ళన్నీ చుట్టేసిన వీఆర్‌కే డైట్ లాంటి కొబ్బరినూనె, నిమ్మకాయ పద్ధతులు ఈ వయసులో కండ కోసం చేయదగినవి కావని నా అభిప్రాయం. అక్కడ లక్ష్యం బరువు తగ్గడం, మీకు కావలసింది బలం. ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్ళు అన్నం జోలికి పోకుండా ప్రోటీన్, వ్యాయామం పెంచుకుంటే చాలు. కార్తీక సోమవారాల ఉపవాసాలు ఉన్న నెలలో ఈ మార్పు మొదలుపెట్టకండి.

బరువు కాటా ఒక్కటే చూసి సంతోషపడొద్దు. అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో రెండు వారాలకొకసారి క్యాలెండర్ మీద రాయండి. బరువూ తగ్గి, ఆ లెక్కా తగ్గుతుంటే పోతున్నది కండే. అప్పుడు తగ్గించిన అన్నం కొంత వెనక్కి తెచ్చుకుని, డాక్టర్‌కు ఆ కాగితం చూపించండి.