తలకు గాయమైనవారిని ఆదుకునే శిక్షణకు ముందు పాటించవలసిన జాగ్రత్తలు

108 అంబులెన్సు సిబ్బందికి, రహదారి గస్తీ పోలీసులకు శిక్షణ మొదలుపెట్టే ముందు శిక్షకులు కింది విషయాలను సరిచూసుకోవాలి.

• హెల్మెట్ తీయడం ఇద్దరు కలిసి చేయవలసిన పని. ఒకరు తలను, మెడను కదలకుండా పట్టుకోగా మరొకరు మెల్లగా తీయాలి కాబట్టి, ప్రతి జంటకూ ముఖమంతా కప్పే హెల్మెట్, మెడపట్టీ ఉండేలా ముందురోజే చూడాలి.

• గాయపడినవారికి స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు పట్టికను తెలుగులో అచ్చువేయించాలి. 3 నుంచి 15 వరకు ఉండే ఈ కొలతలో 8 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే గాయం తీవ్రమైనదని అర్థం. తెలుగు రాని లారీ డ్రైవరు తన భాషలో సరిగ్గా జవాబు చెప్పినా, తికమకగా మాట్లాడుతున్నాడని లెక్కగట్టే ప్రమాదం ఉంది గనుక, హిందీ ప్రశ్నలను కూడా సాధన చేయించాలి.

• తూలుతూ, తడబడుతూ మాట్లాడే మనిషిని తాగినవాడని తేల్చేయకూడదు. నా దృష్టిలో ప్రాణాలకు అన్నిటికంటే ముప్పు తెచ్చే పొరపాటు ఇదే. మద్యం వాసన వచ్చినా తలగాయం ఉండవచ్చని, చక్కెర పడిపోయినా ఇలాగే తూలతారు గనుక రక్తంలో చక్కెర తప్పక చూడాలని పదేపదే చెప్పాలి.

• గాయపడినవారి రక్తంలో ఆక్సిజన్ శాతం 90 కంటే తక్కువకు పడిపోనివ్వకూడదని, నోటి ద్వారా నీళ్లు కూడా పట్టకూడదని బోర్డుపై రాసిపెట్టాలి.

• శిక్షణకు వచ్చినవారిలో ప్రమాదంలో అయినవారిని పోగొట్టుకున్నవారు ఉండవచ్చు. అందుచేత ఫొటోలు చూపించే ముందు హెచ్చరించి, బయటికి వెళ్లదలచినవారిని కారణం అడగకుండా వెళ్లనివ్వాలి.