రాజనీతిశాస్త్ర జర్నల్‌కు వ్యాసం పంపడం – నాలుగవ పాఠం: ఊరూ పేరూ లేని వ్రాతప్రతి

సిద్ధాంత గ్రంథంలోని ఒక అధ్యాయం ఏ ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతున్నదో రెండు వాక్యాలలో రాయమని గత పాఠం చివర అడిగాను. ఆ రెండు వాక్యాలు ఎదుట లేకుండా ఈ పాఠం చదవడం వృథా ప్రయాస. రాయనివారు ముందు ఆ పని ముగించి రావాలి. మొదటి పాఠం నుంచి మనతో నడుస్తున్న ఊహా రచయిత్రిని గుర్తు చేసుకుందాం. ఆమె అమలాపురంలో ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు. గోదావరి మధ్య డెల్టాలోని సాగునీటి వినియోగదారుల సంఘాలపై పరిశోధించారు. ఆమె ప్రశ్న ఇలా తేలింది: సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 నాటి చట్టం భూయజమానితోపాటు కౌలుదారుకు కూడా ఓటు ఇచ్చింది గాని, హక్కుల రికార్డులో పేరు ఉన్న కౌలుదారుకే ఇచ్చింది, అలాంటప్పుడు నోటిమాట కౌలు మీద కాలువ చివరి శివారు భూములు సాగుచేసేవారు తమ వంతు నీటిని ఏ దారిన రాబట్టుకుంటున్నారు?

ప్రశ్న బాగుంది. అయితే దీనిని చదివి తీర్పు చెప్పే సమీక్షకుడు ఎవరో మనకు తెలియదు, రాసింది ఎవరో ఆయనకు తెలియకూడదు. రాజనీతిశాస్త్రంలోని ప్రధాన జర్నళ్లలో ఎక్కువ భాగం ఇలా ఇరువైపులా పేర్లు దాచే పద్ధతినే పాటిస్తాయి. ఆయన కేరళలో ఉండవచ్చు, కెన్యాలో ఉండవచ్చు. ధవళేశ్వరం పేరు విని ఉండకపోవచ్చు. కాబట్టి వ్రాతప్రతిని సిద్ధం చేయడమంటే రెండు పనులు చేయడం: మన ఊరిని ఎరుగని మనిషికి ఆ ఊరు అర్థమయ్యేలా రాయడం, అదే సమయంలో రాసినవారి ఊరూ పేరూ బయటపడకుండా చూసుకోవడం. ఇవి ఒకదానికొకటి అడ్డు వస్తాయి. ఈ పాఠంలోని కష్టమంతా అక్కడే ఉంది.

మొదటి పేరాతో ప్రారంభిద్దాం. మన ప్రాంతం నుంచి వెళ్లే వ్యాసాలలో నేను తరచుగా చూసిన ఆరంభం ఈ విధంగా ఉంటుంది: “ధవళేశ్వరం వద్ద 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరి డెల్టా రూపురేఖలను మార్చివేసింది.” ఇందులో తప్పేమీ లేదు, కాటన్ దొర విగ్రహం కనబడని ఊరు అరుదైన ప్రాంతంలో పుట్టినవారికి ఇంతకంటే సహజమైన ఆరంభం తోచదు కూడా. కాని సంపాదకుడు మొదటి పేజీలో వెతికేది చరిత్రను కాదు, తన పాఠకులు ఇప్పటికే వాదించుకుంటున్న విషయంలో ఈ వ్యాసం ఎక్కడ చేయి పెడుతున్నదన్నది. దానిని ఇలా మార్చి చూడండి: “ఉమ్మడి వనరుల పాలనలో ఓటు హక్కును రికార్డుతో ముడిపెట్టినప్పుడు, రికార్డుకు ఎక్కని సాగుదారుల మాట ఎవరి ద్వారా వినబడుతుంది? సంఘంలో సభ్యులెవరో స్పష్టంగా ఉంటే నిర్వహణ మెరుగుపడుతుందని సాధారణంగా భావిస్తారు. సభ్యత్వపు గీత గీసిన తీరే కొందరిని బయట నిలబెట్టగలదని ఈ వ్యాసం చూపుతుంది.” ఇప్పుడు కెన్యాలోని సమీక్షకుడికి కూడా ఇందులో పని ఉంది. ఉమ్మడి వనరుల నిర్వహణపై చేసిన కృషికి రాజనీతిశాస్త్రజ్ఞురాలు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆ చర్చలో సాగునీటి కాలువలకు పెద్ద పీటే ఉంది గనుక మన రచయిత్రి ఏ గుమ్మం ముందు నిలబడాలో వేరే చెప్పనక్కరలేదు. ఆనకట్ట సంగతి నాలుగవ పేజీలో, క్షేత్ర పరిచయంలో, రెండు వాక్యాలకు మించకుండా వస్తే చాలు.

తరువాత మన మాటలు. సార్వా, దాళ్వా, శివారు, వంతు, లంక, లస్కరు అనేవి మనకు వివరణ అక్కరలేని పదాలు. ఇంగ్లీషులో రాసే వ్యాసంలో వీటిని పూర్తిగా తొలగించి ఏవో సాధారణ పదాలు పెడితే విషయం పలచబడుతుంది. అన్నిటినీ అలాగే ఉంచితే చదివేవాడు మూడవ పేజీలోనే అలసిపోతాడు. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, వాదానికి అవసరమైన రెండు మూడు పదాలను మాత్రమే ఉంచి, మొదటిసారి వచ్చినచోట వాక్యంలోనే అర్థం కలిపి చెప్పడం. మన ఉదాహరణలో “శివారు” తప్పనిసరి, ఎందుకంటే కాలువ చివరి భూమి అన్న భౌగోళికార్థంతోపాటు నీరు అందరికంటే ఆలస్యంగా అందే స్థితి అన్న రాజకీయార్థం కూడా ఆ మాటలో ఉంది. రబీ పంట అయిన “దాళ్వా” కూడా ఉండాలి, ఎందుకంటే నీటి ఎద్దడి వచ్చి వంతులు పెట్టేది ప్రధానంగా ఆ పంటకే. మిగిలినవాటికి మామూలు మాటలు సరిపోతాయి.

జిల్లాల పేర్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి కోనసీమ వేరే జిల్లా అయింది; 2011 జనగణన అంకెలు మాత్రం పాత తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి సరిహద్దుల ప్రకారమే ఉన్నాయి. పట్టికలో ఒకచోట పాత జిల్లా, వచనంలో మరొకచోట కొత్త జిల్లా కనబడితే, ఊరెరుగని సమీక్షకుడు దానిని రచయిత్రి పొరపాటుగానే లెక్కిస్తాడు. ఏ సరిహద్దులను వాడుతున్నారో మొదటి పట్టిక కిందనే ఒక వాక్యంలో చెప్పాలి.

నిడివి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ముంబయి నుంచి వెలువడే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ప్రత్యేక వ్యాసాలకు 8,000 పదాల పరిమితి పెట్టింది; అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ పూర్తి వ్యాసానికి 12,000 వరకు, లెటర్ అనే చిన్న రకానికి 4,000 వరకు అనుమతిస్తుంది. ఇవి మారుతూ ఉంటాయి గనుక పంపే రోజున ఆ జర్నల్ సూచనల పేజీని మళ్లీ చదవాలి. పాదసూచికలు, ఆధారాల పట్టిక లెక్కలోకి వస్తాయో రావో ప్రత్యేకంగా చూడాలి. మనవారు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

ఇక పేరు దాచే పని. శీర్షిక పేజీని వేరే ఫైలుగా తీసివేయగానే పని అయిపోయిందనుకోవడం సర్వసాధారణం. నేను మొదటిసారి పంపిన వ్యాసం వారం తిరగకుండానే వెనక్కి వచ్చింది. పేరు ఎక్కడా లేదు గాని, పదిహేడవ పాదసూచికలో “మా కళాశాల గ్రంథాలయంలో ఉన్న ప్రతి” అని ఊరి పేరుతో సహా రాసి ఉంచాను. పేరు ఒకచోట ఉంటుంది, ఊరు వంద చోట్ల ఉంటుంది. కృతజ్ఞతలు, నిధులిచ్చిన సంస్థ ప్రస్తావన, నైతిక అనుమతి ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరు, “నా గత వ్యాసంలో చూపినట్లు” వంటి వాక్యాలు, సర్వే ప్రశ్నావళిపై ముద్రించిన శాఖ పేరు అన్నీ తీసివేయాలి. సొంత రచనను ప్రస్తావించవలసి వస్తే ఇతరుల రచనను ప్రస్తావించినట్లే ప్రథమ పురుషలో, అనగా “ఆమె”, “ఆయన” అన్న రీతిలో రాయాలి. “రచయిత పేరు దాచబడినది” అని పెడితే మరింత అనుమానం కలుగుతుందని నా అభిప్రాయం. అయితే కొన్ని జర్నళ్లు అలాగే పెట్టమంటాయి, అప్పుడు వారి మాటే చెల్లుతుంది. చివరగా ఫైలు లక్షణాలు: వర్డ్‌లో రాసిన ప్రతి ఫైలులోనూ రచయిత పేరు, దిద్దినవారి పేర్లు లోపల నిలిచి ఉంటాయి. ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ అనే సదుపాయంతో వాటిని తొలగించిన తరువాతే పీడీఎఫ్ చేయాలి.

రచయిత పేరుకంటే కష్టమైనది, మాట్లాడినవారి పేరు దాచడం. పెద్ద నగరంలో “ఒక వార్డు సభ్యుడు” అంటే ఎవరూ గుర్తుపట్టరు. మన కాలువల మీద సంగతి అలా కాదు. ఫలానా ఊరి నీటి సంఘం అధ్యక్షుడు అంటే ఒకరే ఉంటారు. ఫలానా తూము దగ్గర నీరు వదిలే లస్కరు అంటే ఆ కాలువ మీద నడిచే ప్రతివారికీ తెలిసిన మనిషే. పేరు మార్చి ఊరు ఉంచితే ఏమీ దాచనట్లే. నోటిమాట కౌలు చేస్తున్న రైతు, భూయజమాని గురించి చెప్పిన ఒక్క మాట అచ్చులో గుర్తుపట్టేలా ఉంటే, వచ్చే ఏడాది అతనికి ఆ చేను దక్కకపోవచ్చు. కాబట్టి మన రచయిత్రి సంఘాలకు “ఎగువ సంఘం”, “శివారు సంఘం” అని పేర్లు పెట్టి, కాలువ పేరు చెప్పకుండా మధ్య డెల్టా అని మాత్రమే రాసి, మాట్లాడినవారి వయస్సు, కులం, ఎకరాల సంఖ్య మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి ఇవ్వకుండా జాగ్రత్తపడ్డారు. దీనివల్ల కొంత చిక్కదనం పోతుంది, నిజమే. ఎందుకు పోగొట్టుకున్నామో పద్ధతుల విభాగంలో రెండు వాక్యాలలో చెబితే సమీక్షకులు సాధారణంగా ఆక్షేపించరు. సమాచారమంతా ఇతరులకు అందుబాటులో ఉంచాలని జర్నల్ కోరినప్పుడు కూడా ఇదే వివరణ, ముందుగానే, సంపాదకుడికి రాయాలి.

సంపాదకుడికి రాసే ఉత్తరం అర పేజీ దాటకూడదు. వ్యాసం ప్రశ్న ఒక వాక్యంలో, ఈ జర్నల్‌నే ఎంచుకోవడానికి కారణం ఒక వాక్యంలో, వ్యాసం మరెక్కడా పరిశీలనలో లేదన్న హామీ ఒక వాక్యంలో ఉండాలి. ఆ హామీ మాట వరసకు కాదు. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు జర్నళ్లకు పంపడం ఈ రంగంలో తప్పు. సంవత్సరాల సేవను, పదోన్నతి అవసరాన్ని ఉత్తరంలో ప్రస్తావించవద్దు. వ్యాసం సిద్ధాంత గ్రంథం నుంచి పుట్టి, ఆ గ్రంథం శోధగంగలో, అనగా మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే భాండాగారంలో, ఉంటే ఆ సంగతి ఇక్కడే చెప్పండి. లేకపోతే సామ్యాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్ మీ వాక్యాలనే మీపై సాక్ష్యంగా చూపుతుంది. జర్నల్ ఎంపికలో మరొక మాట: ప్రామాణిక జర్నళ్లుగా గుర్తించినవాటితో యూజీసీ నడిపిన కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది గనుక, జర్నల్ మంచిచెడ్డలు తేల్చుకునే భారం ఇప్పుడు రచయితలపై, వారి సంస్థలపై పడింది. పది రోజులలో ప్రచురణ, ముందుగా రుసుము అని ఎవరైనా రాస్తే ఆ ఉత్తరాన్ని అక్కడితో వదిలివేయండి.

పోర్టల్‌లో ఎక్కించే పనికి ఒక పూట కేటాయించండి. గడువు రోజు రాత్రి కరెంటు మీద ఆశ పెట్టుకోవద్దు. ఫైళ్లన్నీ ఎక్కించిన తరువాత పోర్టల్ తానే ఒక పీడీఎఫ్ తయారు చేసి ఆమోదించమని అడుగుతుంది. చాలామంది దానిని తెరవకుండానే ఆమోదిస్తారు. తెరిచి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చూడాలి: దీర్ఘాలకు, ళకార ణకారాలకు ఇంగ్లీషు అక్షరాలపై పెట్టిన గుర్తులు డబ్బాలుగా మారి ఉండవచ్చు, పటంలో కాలువ పేరు మిగిలిపోయి ఉండవచ్చు, శీర్షిక పేజీ పొరపాటున సమీక్షకుల ప్రతిలోకి చేరి ఉండవచ్చు. అన్నీ సరిగా ఉంటేనే ఆమోదించి, ఈమెయిల్‌లో వచ్చే వ్రాతప్రతి సంఖ్యను రాసి ఉంచుకోండి.

వచ్చే పాఠంలో సమీక్షకుల నివేదికలు వచ్చినప్పుడు ఏమి చేయాలో చూద్దాం. అప్పటివరకు చేయవలసిన అభ్యాసం: మీ వ్యాసాన్ని డెల్టా బయట పెరిగిన ఒక మిత్రుడికి, డెల్టాలోనే పెరిగిన మరొక మిత్రుడికి ఇవ్వండి. మొదటివారిని అర్థంకాని ప్రతి మాట కింద గీత గీయమనండి. రెండవవారిని, ఇది ఏ ఊరి సంగతో, ఎవరు చెప్పిన మాటో ఊహించి అంచులో రాయమనండి. రెండవవారి ఊహ ఎన్నిచోట్ల నిజమైతే అన్నిచోట్ల దిద్ది, ఆ తరువాతే పోర్టల్ తెరవండి.