టన్నెలింగ్ లెక్క తేడా కొడుతోందా?

ఎలక్ట్రాన్ తన శక్తి కన్నా ఎత్తైన అవరోధాన్ని కూడా దాటిపోవడమే టన్నెలింగ్. రెండు వైపులా ఒకే మట్టం (స్థితిశక్తి), మధ్యలో నిలువు గోడ. అది మనకు పరిచయమయ్యేది ఈ బొమ్మతోనే. రెండు వైపులా ఒకేలా లేని, మందం ఎగుడుదిగుడుగా ఉన్న అవరోధాల దగ్గర నేను చూసిన తప్పుల్లో చాలావరకు ఆ బొమ్మ అలవాటైపోవడం వల్ల వచ్చినవే.

సమస్య: ప్రసారం (గోడ దాటే వంతు), పరావర్తనం (వెనక్కి తిరిగే వంతు) కలిపితే 1 రావడం లేదు.

కారణం: కోడ్ మొత్తం తిరగేసే ముందు అవతలి మట్టం చూడండి. అది వేరైతే ఎలక్ట్రాన్ వేగమూ మారుతుంది. అప్పుడు తరంగ ఆంప్లిట్యూడ్ వర్గం ఒక్కటే చాలదు, ప్రవాహాన్ని లెక్కగట్టాలి. గోడ మందం సున్నా చేసి చూడండి, ఉత్త మెట్టు మిగులుతుంది. ఎలక్ట్రాన్ శక్తి 1 ఎలక్ట్రాన్ వోల్ట్, అవతలి మట్టం 0.75 ఎత్తున ఉందనుకుందాం. గతిశక్తి నాలుగో వంతుకు, తరంగ సంఖ్య సగానికి పడిపోతాయి. పరావర్తనం 1/9. దాటిన తరంగం ఆంప్లిట్యూడ్ 4/3, దాని వర్గం 16/9. కూడితే 17/9!

పరిష్కారం: ఆ 16/9ని తరంగ సంఖ్యల నిష్పత్తితో, అంటే 1/2తో గుణించండి. 8/9 వస్తుంది, 1/9 కలిపితే సరిగ్గా 1. గాలియం ఆర్సెనైడ్ లాంటి సెమీకండక్టర్ పొరల్లో ప్రభావ ద్రవ్యరాశి (ఆ పదార్థంలో ఎలక్ట్రాన్‌కు ఉన్నట్టు కనిపించే ద్రవ్యరాశి) కూడా పొరను బట్టి మారుతుంది కాబట్టి, ఆ నిష్పత్తిలో ద్రవ్యరాశులనూ చేర్చాలి.

సమస్య: ఏటవాలు గోడను ఎటు నుంచి దాటినా ప్రసారం ఒకేలా వస్తోంది.

ఇందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు. ఒకే శక్తి దగ్గర అలాగే రావాలి. రాకపోతేనే తప్పు వెతకండి.

సమస్య: అల్యూమినియం ఆక్సైడ్ జంక్షన్‌లో (రెండు లోహాల మధ్య పలచని ఆక్సైడ్ పొరే గోడ) కరెంట్ అంచనా కన్నా చాలా ఎక్కువగా ఉంది.

ఇక్కడే ఎక్కువమంది సగటు మందాన్ని నమ్మి దెబ్బతింటారు. గోడ ఎలక్ట్రాన్ శక్తి కన్నా 1 ఎలక్ట్రాన్ వోల్ట్ ఎత్తుగా ఉంటే, మందం 0.3 నానోమీటర్లు తగ్గిన చోట కరెంట్ 20 రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే పొరలో 5 శాతం మేర అంత పలచగా ఉన్నా, సగానికి పైగా కరెంట్ అక్కడి నుంచే పోతుంది. కాబట్టి ఒక్కో మందానికి విడిగా కరెంట్ లెక్కించి, విస్తీర్ణాన్ని బట్టి కలపండి. మందాలను ముందే సగటు చేయకండి.

జంక్షన్‌ను చల్లబరిచి నిరోధం కూడా కొలవండి. టన్నెలింగ్ అయితే అది కొద్దిగా పెరగాలి. తగ్గుతోందంటే పొరలో ఎక్కడో సన్నని చిల్లు పడి రెండు లోహాలూ ఒకదానికొకటి తగిలి ఉండొచ్చు. అలాంటి జంక్షన్‌ను పక్కన పెట్టి, కొత్తది చేసుకోవాలి.